దసరాకి అన్నయ్యకి బండి పనిముట్లు: క్లాసిక్ 350, పాత స్ప్లెండర్‌లకి ఏవి కొనాలి?

సునాబెడ_చెల్లి:

అందరికీ నమస్కారం. ఆయుధ పూజ నాటికి మా అన్నయ్యకి బండి పనికొచ్చే సామాను కొనిద్దామనుకుంటున్నాను. 6,000 దాకా పెట్టగలను. ఇంట్లో బళ్ళు రెండు. ఒకటి 2022 రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, చువ్వల చక్రాలు, ముందూ వెనకా డిస్కులే. రెండోది బీఎస్4 నాటి స్ప్లెండర్ ప్లస్, కార్బొరేటర్‌ది. ఆయిలు మార్చడం, చైను బిగించడం, ప్లగ్గు, ఎయిర్ ఫిల్టరు, బ్రేకు షూలు అన్నీ ఇంటి దగ్గరే చేసుకుంటాడు. ఇంజను విప్పే పనైతే మిస్త్రీ దగ్గరికే వెళ్తాడు.

ఇప్పుడు పెట్టెలో ఉన్నవి: ఫిక్స్ పానాలు 6 నుంచి 22 దాకా, రింగ్ పానాలు 8 నుంచి 19 దాకా, కటింగ్ ప్లేయరు, మామూలు స్క్రూడ్రైవర్లు రెండు, ప్లగ్ పానా ఒకటి, సుత్తి.

108 ముక్కల సాకెట్ సెట్టొకటి ఆఫర్లో కనిపిస్తోంది, దాదాపు నా లెక్కకి సరిపోతుంది. అది తీసుకోవచ్చా, విడివిడిగా కొనడం మేలా? ఒడిశాలో ఉన్న మా సునాబెడ నుంచి నెలకి రెండు మూడుసార్లు సాలూరు ఘాటు దిగి విజయనగరం వెళ్ళొస్తుంటాడు. దారిలో పనికొచ్చేవి ఉంటే అవీ చెప్పండి.

జయపురం_పానా:

ఆ సెట్టు వద్దమ్మా. మీరు రాసిన జాబితాలో విప్పడానికీ బిగించడానికీ పనిముట్లున్నాయి, కొలవడానికి ఒక్కటీ లేదు. డబ్బంతా అక్కడ పెట్టండి.

ముందు ఆ సెట్టు సంగతి. 108 ముక్కల్లో ఎక్కువ భాగం చిన్న స్క్రూ బిట్లే ఉంటాయి. బండికి రోజువారీ కావలసిన సాకెట్లు 8, 10, 12, 14, 17, 19, కొన్ని బోల్టులకి 13. అంతే. పైగా తక్కువ రకం సెట్లలో పన్నెండు మూలల సాకెట్లు వస్తాయి. అవి నట్టు మూలల కొసల్ని మాత్రమే పట్టుకుంటాయి. మన కొండ వానలకి తుప్పెక్కిన నట్టు మీద పెట్టి గట్టిగా లాగితే సాకెట్ జారి నట్టు తల గుండ్రమైపోతుంది. ఆరు మూలల సాకెట్ నట్టు చదును పక్కల్ని పట్టుకుంటుంది కాబట్టి జారదు. 3/8 అంగుళం డ్రైవులో (సాకెట్ తగిలించే చదరపు కొస సైజు అది) ఆరు మూలల సాకెట్లు పైన చెప్పిన సైజుల్లో విడిగా తీసుకోండి. 75 ఎంఎం, 150 ఎంఎం ఎక్స్‌టెన్షన్లు రెండు చాలు.

అసలు కానుక టార్క్ రెంచ్, అంటే మనం పెట్టిన బిగువు రాగానే టిక్కుమని చెప్పే పానా. మీ లెక్కలో సగం దానికే పోయినా సందేహించకండి. బండి ఇంజను కవర్లు, ఆయిలు డ్రెయిన్ బోల్టు పట్టే చోటు అల్యూమినియం. బోల్టు మాత్రం ఇనుము. చేతి అంచనాతో ‘ఇంకొంచెం’ అని బిగిస్తే బోల్టుకేం కాదు, అల్యూమినియంలో థ్రెడ్డు ఊడొస్తుంది. ఆ తరవాత ఖర్చు టార్క్ రెంచ్ ధరని దాటిపోతుంది. మామూలుగా ఎం6 (6 ఎంఎం థ్రెడ్డు) బోల్టుకి 10 నుంచి 12 న్యూటన్ మీటర్లు, ఎం8కి 20 నుంచి 25 దాకా ఉంటాయి. అవి కూడా ఏ బోల్టుకాబోల్టు సర్వీస్ మాన్యువల్లో చూసి పెట్టాల్సినవే. కొన్ని మాన్యువళ్ళలో కేజీ మీటర్లలో ఇస్తారు, దాన్ని 9.8తో గుణించాలి. 2.5 కేజీ మీటర్లంటే 24.5 న్యూటన్ మీటర్లు.

కొట్టులో ఎక్కువమంది చేసే పొరపాటు ఇక్కడే. కార్లకి వాడే 1/2 అంగుళం డ్రైవు రెంచ్, 28 నుంచి 210 దాకా కొలిచేది, సులువుగా దొరుకుతుంది, చూడ్డానికి ఘనంగా ఉంటుంది. దాని మీద 10 అన్న అంకే ఉండదు. 24 కూడా దానికి కిందే. ఏ టార్క్ రెంచ్ అయినా కొలత అట్టడుగున సరిగా చెప్పదు. 3/8 అంగుళం డ్రైవులో 5 నుంచి 60 దాకా ఉన్నది అడగండి. వెనక యాక్సిల్ నట్టుకి అంతకన్నా ఎక్కువ కావాలి, దానికి పెద్దది తరవాతి పండక్కి కొనుక్కోవచ్చు. ముందు చిన్నదే కొనాలి, ఎందుకంటే బళ్ళలో థ్రెడ్లు పోయేది చిన్న బోల్టులకే.

పెట్టె మీద ప్లస్ ఆర్ మైనస్ 4 శాతం అనీ, ఐఎస్ఓ 6789 (టార్క్ రెంచుల ప్రమాణం) అనీ ఉందేమో చూడండి. రెంచ్‌తో పాటు కొలత పరీక్షించిన కాగితం ఒకటి ఉంటే మంచిది. వాడకం గురించి నాలుగు మాటలు అన్నయ్యకి చెప్పండి. పిడి మధ్యలోనే పట్టుకుని నింపాదిగా లాగాలి. టిక్కుమన్న దగ్గర ఆపెయ్యాలి, ఇంకోసారి టిక్కుమనిపించకూడదు. దాంతో బోల్టులు విప్పకూడదు. పని అయ్యాక స్కేలుని అట్టడుగు అంకెకి తిప్పి పెట్టాలి, లేకపోతే లోపలి స్ప్రింగు అలిసిపోయి కొలత తప్పుతుంది. అట్టడుగు అంకెకంటే ఇంకా వదులు చెయ్యకూడదు. థ్రెడ్డు శుభ్రంగా, పొడిగా ఉండాలి. ఆయిలు పూసిన థ్రెడ్డు అదే అంకెకి ఇంకా గట్టిగా బిగుస్తుంది.

టార్క్ రెంచ్ తరవాత చిన్న చిన్నవి.

ఫీలర్ గేజ్, అంటే పల్చటి ఉక్కు ఆకులతో గ్యాపు కొలిచేది. ఆకులు 0.05 ఎంఎం నుంచి మొదలయ్యేది, వీలైతే 0.04 ఉన్నది తీసుకోండి. స్ప్లెండర్‌లో ట్యాపెట్లు (ఇంజను వాల్వుల గ్యాపు సర్దేవి) స్క్రూ, లాక్ నట్టు రకం, ఇంటి దగ్గరే సరిచేసుకోవచ్చు. ఇంజను పూర్తిగా చల్లారాక, రాత్రంతా వదిలేసి పొద్దున్నే చేస్తే మేలు. ఫ్లైవీల్ మీద ‘టీ’ (T) అక్షరం గుర్తుని ఇంజను కవరు కిటికీ దగ్గరి గుర్తుకి కలిపి, పిస్టన్ కంప్రెషన్ స్ట్రోక్ పైన ఉందో లేదో రాకర్లని వేలితో కదిపి చూసుకోవాలి. రెండూ కొద్దిగా ఆడితే సరే. ఆడకపోతే క్రాంక్‌ని ఇంకో పూర్తి చుట్టు తిప్పాలి. గ్యాపు మరీ తక్కువైతే వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ పోతుంది, పొద్దున్న కిక్కులు పెరుగుతాయి, చివరికి ఎగ్జాస్ట్ వాల్వు కాలిపోతుంది. చప్పుడు తగ్గిందని సంతోషించి గ్యాపు బిగించేస్తారు చాలామంది, అది చాలా నష్టం. చిన్న టిక్‌టిక్ ఉంటే ఉండనివ్వాలి. సర్దే స్క్రూకి చిన్న చదరపు తల ఉంటుంది, దానికి ట్యాపెట్ కీ విడిగా దొరుకుతుంది, చవకే. ప్లయరుతో పట్టుకుంటే ఆ తల చెడిపోతుంది.

ప్లగ్ పానా ఉందన్నారు కదా, అది ఏ సైజో చూడండి. ఎన్‌జీకే ప్లగ్గు మీద మొదటి అక్షరం సీ అయితే థ్రెడ్డు 10 ఎంఎం, పానా 16. డీ అయితే 12 ఎంఎం, పానా 18. బీ అయితే 14 ఎంఎం, పానా 21. కోడు చివర 9 ఉంటే గ్యాపు 0.9 ఎంఎం అని అర్థం. లోపల రబ్బరు పట్టు ఉన్న సాకెట్ తీసుకోండి. ప్లగ్గు పింగాణీ పగలదు, బయటికి తీసేటప్పుడు జారిపడదు.

స్క్రూడ్రైవర్. ఇది ఎవరూ కానుకిచ్చే వస్తువు కాదు, కానీ ఇవ్వాలి. జపాన్ మూలం ఉన్న బళ్ళలో కార్బొరేటర్ గిన్నె స్క్రూలు చూడ్డానికి మామూలు ఫిలిప్స్ ప్లస్‌లాగే ఉంటాయి కానీ అవి జేఐఎస్ (జపాన్ ప్రమాణం) రకం. తల మీద చిన్న చుక్క ఉంటే అదే. ఫిలిప్స్ మొన వాటిలో పూర్తిగా దిగదు, తిప్పగానే పైకి ఎగదన్ని గాడి చెరిపేస్తుంది. జేఐఎస్ 2 నంబర్, 3 నంబర్ డ్రైవర్లు రెండు కొంటే ఆ బాధ పోతుంది. వెస్సెల్ అనే జపాన్ కంపెనీవి ఆన్‌లైన్లో దొరుకుతాయి.

నాగావళి_రాయగడ:

పైన అన్న చెప్పినదంతా సరైనదే. దారి సామాను గురించి నేను రాస్తాను.

చువ్వల చక్రమంటే లోపల ట్యూబే. కాబట్టి పురికొస ముక్క దూర్చే ట్యూబ్‌లెస్ పంచర్ కిట్ క్లాసిక్‌కి పనికిరాదు. దసరా ఆఫర్లలో ఎక్కువగా అదే అమ్ముతారు, మోసపోకండి. స్ప్లెండర్ టైరు పక్కన ట్యూబ్‌లెస్ అని రాసి ఉందేమో చూడండి, లేకపోతే అదీ ట్యూబే. ట్యూబ్ టైరుకి కావలసినవి: టైరు లివర్లు మూడు, 10 నుంచి 12 అంగుళాల పొడవువి, అంచులు నున్నగా ఉన్నవి, ప్యాచీలు, రబ్బరు సొల్యూషన్, గరుకు కాగితం, వాల్వు పిన్ను తీసే చిన్న కీ, గాలి కొట్టే పంపు. వీటన్నిటికన్నా ముందు స్పేర్ ట్యూబులు. క్లాసిక్ ముందు టైరు 100/90-19, వెనకది 120/80-18. రెండూ వేరు సైజులు, రెండు ట్యూబులు కొనాలి. స్ప్లెండర్‌ది టైరు మీద చదివి కొనండి. ఘాటు మధ్యలో ప్యాచీ అంటించడం కన్నా ట్యూబు మార్చేసి, చిల్లుపడ్డది ఇంటి దగ్గర తీరిగ్గా అంటించుకోవడమే తేలిక.

ఇప్పుడు అసలు చిక్కు. చక్రం ఊడదీయకుండా ట్యూబు మార్చలేరు. మీ అన్నయ్య దగ్గర పానాలు 22తో ఆగిపోయాయి. యాక్సిల్ నట్టు రెండు వైపులా ఎంత సైజో వెర్నియర్ కాలిపర్స్‌తో (దవడలతో మందం కొలిచే స్కేలు) కొలిచి, ఆ సైజుకి ఒక రింగ్ పానా కొనండి. అది లేకుండా మిగిలిన టైరు సామానంతా బరువే తప్ప ప్రయోజనం ఉండదు.

పని చేసేటప్పుడు ఎక్కడ తప్పుతుందో చెప్తాను. వాల్వు పిన్ను తీసి గాలి పూర్తిగా పోగొట్టాలి. టైరు అంచుని రెండు వైపులా రిమ్ము మధ్య పల్లంలోకి మోకాలితో నొక్కాలి. అంచు పల్లంలో లేకపోతే ఎంత బలం పెట్టినా లివరు ఎక్కదు, రిమ్ము సొట్టపడుతుంది. కొత్త ట్యూబు పెట్టే ముందు టైరు లోపలంతా గుడ్డతో తడమాలి. మేకు ఇంకా అక్కడే ఉంటే కొత్త ట్యూబుకీ చిల్లు పడుతుంది. ఉత్త వేలు పెడితే తెగుతుంది. ట్యూబుకి కొంచెం గాలి పట్టించి గుండ్రంగా ఉండేటట్టు చేసి దూర్చాలి. ఖాళీ ట్యూబు మడత పడుతుంది, మడత లివరు కింద పడితే జంట చిల్లులు. టైరు ఎక్కించడం వాల్వుకి ఎదురు వైపు మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగించాలి. చివర్లో వాల్వుని లోపలికి ఒకసారి నొక్కి వదిలితే ట్యూబు అంచు కింద ఇరుక్కోదు.

చక్రం బయట ఉన్నంతసేపూ బ్రేకు లివరు నొక్కకూడదు. డిస్కు లేకుండా నొక్కితే పిస్టన్లు ముందుకొచ్చేస్తాయి, మళ్ళీ చక్రం ఎక్కదు. క్యాలిపర్ (డిస్కుని పట్టి ఆపే భాగం) ప్యాడ్ల మధ్య ఒక అట్టముక్క దూర్చి ఉంచితే పొరపాటున నొక్కినా భయం లేదు.

గాలి కొలిచే గేజ్ విడిగా కొనండి. పంపు మీద ఉండే గేజ్ నమ్మదగ్గది కాదు. 0 నుంచి 60 పీఎస్ఐ దాకా ఉన్నదైతే గీతలు విడివిడిగా కనబడతాయి. 150 దాకా ఉన్న దాంట్లో 28కీ 32కీ తేడా పోల్చలేం. చల్లటి టైరు మీదే చూడాలి. సునాబెడ పొద్దుటి చలికీ, కింద సాలూరు మధ్యాహ్నం ఎండకీ తేడా ఎక్కువ. ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలు తగ్గితే టైరులో దాదాపు 1 పీఎస్ఐ తగ్గుతుంది. అక్టోబరు నుంచి సంక్రాంతి దాకా వారానికోసారి చూసుకోవాలి.

సునాబెడ_చెల్లి:

అన్నలిద్దరికీ కృతజ్ఞతలు. యాక్సిల్ నట్టు ఈ ఆదివారం కొలుస్తాను. ఇంకో రెండు సందేహాలు. పంపు బదులు 12 వోల్టుల చిన్న కంప్రెసర్ తీసుకోవచ్చా, బండి బ్యాటరీకి తగిలించేది? క్లాసిక్‌కి పొగలు రాని మంచి చప్పుడు సైలెన్సర్ కావాలని అన్నయ్య ఒకసారి అన్నాడు, అది ఈ లెక్కలో వస్తుందా?

వంశధార_ఎలక్ట్రికల్:

కంప్రెసర్ గురించి నేను చెప్తాను. కారు కోసం చేసిన 12 వోల్టుల కంప్రెసర్లు ఇంచుమించు 10 ఆంపియర్లు లాగుతాయి. బండికి ఉండే యూఎస్‌బీ సాకెట్ దానికి చాలదు, నేరుగా బ్యాటరీ క్లిప్పులకే పెట్టాలి, మధ్యలో ఫ్యూజు ఉండాలి. క్లాసిక్ బ్యాటరీ 8 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు), ఇంజను నడుస్తుండగా పెడితే ఒక టైరుకి సరిపోతుంది. స్ప్లెండర్ బ్యాటరీ 3 ఏహెచ్ మాత్రమే, దానికి పెట్టకండి. ఇంట్లో రెండు బళ్ళున్నాయి కాబట్టి సొంత బ్యాటరీ ఉన్న చిన్న ఇన్‌ఫ్లేటర్ గానీ, మడిచే కాలి పంపు గానీ మేలు. నన్నడిగితే కాలి పంపే. చార్జింగ్ మర్చిపోయే గొడవ లేదు.

మీ 6,000లో మల్టీమీటర్‌కి తప్పకుండా చోటివ్వండి. ఖరీదైనది అక్కర్లేదు, డీసీ వోల్టులు, ఓములు, బీప్ వచ్చే కంటిన్యుటీ, 10 ఆంపియర్ల సాకెట్ ఉంటే చాలు. ‘సెల్ఫ్ తిరగట్లేదు’ అనగానే బ్యాటరీ మార్చేసే అలవాటు పోవాలంటే ఇదే మందు. పద్ధతి ఇది. బండి ఆపి కొన్ని గంటలయ్యాక బ్యాటరీ కొనల దగ్గర 12.6 పైన ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 కన్నా తగ్గితే చార్జ్ చెయ్యాలి. సెల్ఫ్ నొక్కుతూ చూడండి, 9.5 కన్నా కిందికి పడిపోతే బ్యాటరీ నీరసించింది. ఇంజను 3,000 నుంచి 4,000 ఆర్‌పీఎం దగ్గర 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. 13 కూడా దాటకపోతే చార్జింగ్ కాయిలో వైరో పోయింది. 15 దాటితే రెగ్యులేటర్ చెడింది, అది బ్యాటరీనీ బల్బుల్నీ తినేస్తుంది. వానాకాలం తరవాత ఈ నాలుగు కొలతలు ఒకసారి తీసి పెట్టెలో కాగితం మీద రాసుకుంటే, వచ్చే ఏడాది తేడా కనబడుతుంది.

బ్యాటరీ చార్జర్ కొనాలనిపిస్తే ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. బ్యాటరీ ఏహెచ్‌లో పదో వంతు కరెంటు. 8 ఏహెచ్‌కి 0.8 ఆంపియర్. కారు చార్జర్ 5 ఆంపియర్లది పెడితే చిన్న బ్యాటరీ వేడెక్కి ఉబ్బుతుంది.

సుంకి_మలుపులు:

సైలెన్సర్ వద్దు చెల్లెమ్మా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండికి కంపెనీ ఇచ్చిన వివరాల్ని మార్చకూడదు. చప్పుడు సైలెన్సర్‌కి ఒడిశా, ఆంధ్ర రెండు రాష్ట్రాల్లోనూ చలానా పడుతుంది, తరచూ సరిహద్దు దాటే బండికి ఇంకా ఇబ్బంది. అదీ కాక క్లాసిక్‌లో ఇంధనం కొలత కంప్యూటరే చూసుకుంటుంది, సైలెన్సర్ దగ్గర ఆక్సిజన్ సెన్సరుంది. గొట్టం మారితే దాని లెక్క తప్పుతుంది. ఇదే కోవలో 100/90 వాట్ల హెడ్‌లైట్ బల్బు. క్లాసిక్ వైరింగు 60/55 బల్బుకి చేసింది. ఎక్కువ వాట్లు పెడితే హోల్డరు కరుగుతుంది, పొగమంచులో మాత్రం అదనంగా ఏమీ కనిపించదు.

ఆ డబ్బు బ్రేకులకి పెట్టండి. నెలకి మూడుసార్లు ఘాటు దిగే బండికి అన్నిటికన్నా అవసరమైనది అదే, ఇక్కడ ఎవరూ ఎత్తలేదు.

బ్రేకు ఆయిలు గాలిలో తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దగ్గర మరుగుతుంది, తేమ పట్టాక అది 155కి పడిపోవచ్చు. ఘాటులో సుంకి దగ్గర మలుపుల్లో బ్రేకు మీదే ఆధారపడి దిగితే క్యాలిపర్ బాగా వేడెక్కుతుంది. పాత ఆయిలు లోపల మరిగి బుడగలొస్తాయి, లివరు స్పాంజిలా లోపలికి పోతుంది. అందుకే రెండేళ్ళకోసారి మార్చాలి. 2022 బండికి ఇంకా మొదటి ఆయిలే ఉంటే ఇప్పటికే ఆలస్యం. దిగేటప్పుడు రెండో, మూడో గేరులో ఇంజను పట్టు మీద దిగడం వేరే సంగతి, అది అలవాటుగా ఉండాల్సిందే.

కానుకగా ఇవి: డాట్ 4 సీలు డబ్బా, చిన్నదే. పెద్దది కొని సగం మిగిల్చుకుంటే మూత తీసిన మిగతా సగం తేమ పట్టి పాడవుతుంది. క్యాలిపర్ మీద పాత ఆయిలు బయటికి వదిలే నిపుల్‌కి గట్టిగా పట్టే పారదర్శక గొట్టం, ఒక వైపుకే పోయే వాల్వు ఉన్నది. నిపుల్ చాలా బళ్ళలో 8 సైజు, దానికి రింగ్ పానా వాడాలి, ఫిక్స్ పానా వాడితే మూలలు పోతాయి. అన్నయ్య దగ్గర 8 రింగ్ ఉందన్నారు, సరిపోతుంది.

ఆయిలు మార్చేటప్పుడు హ్యాండిల్ దగ్గరి గిన్నెలో ఆయిలు ఎప్పుడూ అడుగంటకూడదు. క్లాసిక్‌కి ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసేది) ఉంది. గాలి ఏబీఎస్ పెట్టెలోకి పోతే చేత్తో తియ్యడం చాలా కష్టం, సర్వీస్ సెంటర్ కంప్యూటర్ తగిలించాల్సిందే. రెండు మూడు నొక్కులకోసారి గిన్నె నింపుతుండాలి. ఈ ఆయిలు పెయింటు తినేస్తుంది, ట్యాంకు మీద తడిగుడ్డ కప్పాలి, చుక్క పడితే వెంటనే నీళ్ళతో కడగాలి. డాట్ 5 అని రాసింది ఎంత మంచిదని చెప్పినా తీసుకోకండి, అది సిలికాన్ రకం, డాట్ 4తో కలవదు. డాట్ 5.1 వేరు.

చైను సామాను రెండు ముక్కల్లో. క్లాసిక్ చైను పలకల మధ్య నల్ల రబ్బరు రింగులు కనిపిస్తే కిరోసిన్, మెత్తటి బ్రష్ మాత్రమే వాడాలి. పెట్రోలు, ఇనుప తీగ బ్రష్ రింగుల్ని చంపేస్తాయి. ల్యూబ్ కింది వరస చైను లోపలి వైపు కొట్టి రాత్రంతా వదిలెయ్యాలి. కొట్టి వెంటనే బయల్దేరితే సగం రిమ్ము మీదికీ, డిస్కు మీదికీ ఎగురుతుంది, అది ప్రమాదం. గ్రీజు పూయొద్దు. మన ఎర్రమట్టి దానికంటుకుంటే సాన పట్టే ముద్దలా చైనుని అరగదీస్తుంది. స్ప్లెండర్ చైనుకి నిండు కవరు ఉంది, స్ప్రే డబ్బా అక్కర్లేదు, కవరు రబ్బరు మూత తీసి 90 నంబర్ గేర్ ఆయిలు చుక్కలుగా వేస్తూ చక్రం తిప్పితే చాలు.

జయపురం_పానా:

బ్రేకు సంగతి నేను రాయకపోవడం పెద్ద లోటే, సుంకి అన్న పూరించారు. స్క్రూడ్రైవర్ దగ్గర ఇంకో మాట కలుపుతాను. డిస్కు బ్రేకు గిన్నె మూత స్క్రూలు కూడా చాలా బళ్ళలో ప్లస్ తలవే, మెత్తటివి, పట్టేసి ఉంటాయి. కొంతమంది సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్ అక్కడ పెడతారు. వద్దు. కింద ఉన్నది పల్చటి అల్యూమినియం గిన్నె, హ్యాండిల్‌కి వేలాడుతోంది, పగులుతుంది. సరైన మొన పెట్టి, స్క్రూ తల మీద డ్రైవర్‌తో ఒకటి రెండు చిన్న దెబ్బలు వేసి, బరువంతా కిందికి నొక్కుతూ తిప్పితే వదులుతుంది. ఇంపాక్ట్ డ్రైవర్ ఇంజను పక్క కవర్ల స్క్రూలకే. మీ అన్నయ్య ఇంజను విప్పడు కాబట్టి అది కొననక్కర్లేదు.

మీ 6,000కి నేనైతే ఇలా సర్దుతాను: చిన్న టార్క్ రెంచ్, ఆరు మూలల సాకెట్లు ఏడు, ఫీలర్ గేజ్, ట్యాపెట్ కీ, జేఐఎస్ డ్రైవర్లు, మల్టీమీటర్, గాలి గేజ్, బ్రేకు ఆయిలు, గొట్టం. ఇంకా మిగిలితే ట్యూబులు, లివర్లు, యాక్సిల్ పానా. సరిపోకపోతే టైరు సామాను సంక్రాంతికి వాయిదా వెయ్యండి, బ్రేకు సామాను మాత్రం వాయిదా వెయ్యకండి.

పది రూపాయల వస్తువొకటి తప్పక కలపండి, డ్రెయిన్ బోల్టు వాషర్లు. స్ప్లెండర్‌ది 12 ఎంఎం బోల్టు, దానికి 12 లోపలి సైజున్న అల్యూమినియం వాషర్లు నాలుగైదు. క్లాసిక్‌వి కంపెనీ స్పేర్ కౌంటర్లో బండి నంబరు చెప్పి అడగండి. పాత వాషర్ ఒకసారి నలిగాక మళ్ళీ పట్టదు, చెమ్మ కారుతుంది. కారుతోందని బోల్టు ఇంకా బిగిస్తారు, థ్రెడ్డు పోయేది సరిగ్గా అప్పుడే. ఆయిలు కూడా ఇవ్వాలనుకుంటే స్ప్లెండర్‌కి 10డబ్ల్యూ30, క్లాసిక్‌కి 15డబ్ల్యూ50, డబ్బా మీద జాసో ఎంఏ గానీ ఎంఏ2 గానీ ఉండాలి. కారు ఆయిలు పోస్తే క్లచ్ జారుతుంది, ఎందుకంటే క్లచ్ ప్లేట్లు ఆ ఆయిల్లోనే మునిగి ఉంటాయి.

సునాబెడ_చెల్లి:

సైలెన్సర్ మానేశాను. ఇలాగే కొంటాను. ఒక్క ప్రశ్న మిగిలింది. పూజలో పెట్టేటప్పుడు పనిముట్లన్నిటికీ పసుపు, కుంకుమ బొట్లు పెడతాం కదా, టార్క్ రెంచ్‌కీ ఫీలర్ గేజ్‌కీ పెడితే ఏమైనా అవుతుందా?

జయపురం_పానా:

నిక్షేపంగా పెట్టండి, చోటు చూసి పెట్టండి. టార్క్ రెంచ్‌కి పిడి చివర పెట్టాలి. స్కేలు గాడిలోకీ, తల దగ్గర రాట్చెట్‌లోకీ తడి పసుపు పోకూడదు. ఫీలర్ గేజ్‌కి పైకవచం మీద పెట్టండి, ఆకుల మీద వద్దు. 0.05 ఆకు మీద ఎండిన పసుపు పొర ఉంటే అది ఇంక 0.05 కాదు. మల్టీమీటర్‌కి పెట్టె మీద పెట్టినా సరిపోతుంది. మర్నాడు పీట మీంచి తీయగానే పొడిగుడ్డతో తుడిచి, ఉక్కు పనిముట్లన్నిటికీ కుట్టు మిషన్ ఆయిలు ఒక చుక్క గుడ్డకి రాసి పట్టించాలి. కొరాపుట్ వైపు తేమకి ఆ తడిబొట్టు కిందే మొదటి తుప్పు చుక్క మొలుస్తుంది.

టార్క్ రెంచ్ మొదటిసారి వాడే ముందు, చాలాకాలం పెట్టెలో ఉండి తీసినప్పుడు కూడా, కొలత మధ్యలో పెట్టి ఏదైనా గట్టి బోల్టు మీద ఐదారుసార్లు టిక్కుమనిపించమనండి. లోపలి గ్రీజు సర్దుకున్నాక వచ్చే అంకే లెక్కలోకి తీసుకోవాలి.